ఎండాకాలంలో క్రిస్మస్: మనలా చేసుకోవాలా, వాళ్లలా బీచ్‌కి పోవాలా?

కంచరపాలెం_కుర్రాడు:
మార్చిలో మెల్‌బోర్న్ వచ్చాను, ఇదే మొదటి క్రిస్మస్. ఆఫీసువాళ్లు 25న బీచ్ దగ్గర భోజనానికి రమ్మన్నారు, రొయ్యలు కాలుస్తారట, పండ్లు పరిచిన పావ్‌లోవా అనే స్వీటు తెస్తారట. అమ్మకి చెబితే "పండగ పూట షికారేంట్రా" అని ఫోన్ పెట్టేసింది. సూట్‌కేసులో మడిచి తెచ్చుకున్న కాగితం స్టార్ బాల్కనీలో కట్టి బల్బు పెట్టాను, రాత్రి తొమ్మిది దాటితే గానీ వెలుగుతున్నట్టే తెలియడం లేదు. ఇంట్లోనే ఉండి మనలా చేసుకోమంటారా, వెళ్లమంటారా?

జ్ఞానాపురం_పెద్దాయన:
వెళ్లొద్దు బాబూ. క్రిస్మస్ అంటే చలిలో స్వెట్టర్ వేసుకుని రాత్రి పూజకి నడిచి వెళ్లడం, సెయింట్ పీటర్స్ కేథడ్రల్‌లో పిల్లల్ని ఎత్తుకుని పశువుల పాకలో బాలయేసును చూపించడం, ఇంటికొచ్చి కేకు కోసుకోవడం. చెమటలు కక్కుతూ రొయ్యలు తింటే అది పిక్నిక్.

గాజువాక_రాణి:
అంకుల్, వైజాగ్‌లో చలెంత? లంబసింగి కాదు కదా మనది. డిసెంబర్‌లో దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు వంగి ఉంటుంది, అందుకే అక్కడ నడి వేసవి. అక్కడ పుట్టినవాళ్లకి పండగంటే ఎండే. వాళ్ల భక్తి తక్కువా?

జ్ఞానాపురం_పెద్దాయన:
స్వెట్టర్ అన్నాను, మంచు పడుతుందనలేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నిలబడి చూడమ్మా, చలెంతో తెలుస్తుంది.

సీతమ్మధార_క్రికెట్:
26న ఎంసీజీలో, అదే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, బాక్సింగ్ డే టెస్ట్ తమ్ముడూ, టికెట్ దొరికితే వదలకు.

గాజువాక_రాణి:
చలి సంగతి వదిలేయండి. ఆక్లాండ్‌లో నా మొదటి క్రిస్మస్‌కి ఎవరు పిలిచినా పోలేదు, మనలాగే చేసుకుంటానని గదిలో ఉండిపోయాను. న్యూజిలాండ్‌లో ఆ రోజు చాలా షాపులు తెరవకూడదని చట్టమే ఉంది, అది తెలియక ముందురోజు ఏమీ కొనలేదు. పెరుగన్నం తిన్నాను. కిటికీ బయట పొహుతుకావా చెట్టు నిండా ఎర్రటి పూలు, దాన్నే వాళ్లు క్రిస్మస్ చెట్టంటారు. దాన్ని చూస్తూ సాయంత్రం దాకా ఏడ్చాను. ఈ అబ్బాయికి అది వద్దు.

జ్ఞానాపురం_పెద్దాయన:
పెరుగన్నం తిన్నా పండగే. చలి లేదు, పూజ లేదు, సముద్రంలో గెంతడం...

గాజువాక_రాణి:
మళ్లీ చలేనా? మీ కోపం ఎండ మీద కాదంకుల్, ఎవరి మీదో ఉంది. దాన్ని ఈ అబ్బాయి మీద చూపించకండి.

జ్ఞానాపురం_పెద్దాయన:
ఉంది. మా వాడి మీద. 2019లో సిడ్నీ వెళ్లాడు. ఆ ఏడు రాత్రి పూజలో నేనూ మా ఆవిడా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాం. రాలేదు. పొద్దున ఫేస్‌బుక్‌లో వాడు సముద్రంలో ఉన్న ఫోటో చూశాం. ఫోన్ 27న చేశాడు. అప్పటి నుంచి ఆ బీచ్ మాటెత్తితే నాకు మండుతుంది.

గాజువాక_రాణి:
ముందే చెప్పాల్సింది అంకుల్. కానీ ఒక్కటి, గదిలోనే ఉన్న నేనూ ఆ రోజు అమ్మకి ఫోన్ చేయలేదు. గొంతు పట్టేస్తుందని భయం.

దొండపర్తి_నైట్‌డ్యూటీ:
మెల్‌బోర్న్ ఇప్పుడు మనకంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ అర్ధరాత్రి గంట కొట్టేసరికి నీకు ఉదయం ఐదున్నర.

కంచరపాలెం_కుర్రాడు:
అమ్మకి మళ్లీ చేశాను. బీచ్ మాటే ఎత్తలేదు, "గంట కొట్టేటప్పుడు లేచి ఉంటావా" అని అడిగింది. ఐదున్నరకి అలారం పెట్టుకున్నాను. భోజనానికి మాత్రం వెళ్తున్నాను.

జ్ఞానాపురం_పెద్దాయన:
వెళ్లడం నాకు ఇప్పటికీ నచ్చలేదు బాబూ. అలారం రెండు పెట్టుకో.