రాన్ జాన్సన్: ఫ్యాక్టరీ ఓనరు సెనేటర్ ఎలా అయ్యాడు?

ప్రశ్న (ఆపిల్టన్ కొత్త కాపురం):
టెక్సాస్ నుంచి ఈమధ్యే విస్కాన్సిన్ వచ్చాం. ఆఫీసులో సెనేటర్ రాన్ జాన్సన్ పేరెత్తితే సగంమంది మొహం చిట్లిస్తారు, సగంమంది మనోడే అంటారు. యాభై దాటాక ఉన్నట్టుండి రాజకీయాల్లోకి ఎలా వచ్చాడు? ఇక్కడ పాతుకుపోయినవాళ్లు చెప్పండి.

జవాబు (పద్దుల రావు):
మీకు అరగంట దూరంలో ఉన్న ఓష్‌కోష్ ఆయన ఊరు. పుట్టింది మాత్రం మిన్నెసోటాలో, 1955లో. చదివింది అకౌంటింగ్. నేనూ టాక్స్ రిటర్నులు చేసి బతికేవాణ్నే కాబట్టి ఆయన కథ మీద కాస్త ఆసక్తి.

1979లో ఓష్‌కోష్ వచ్చి, బావమరిదితో కలిసి పాకర్ అనే ప్లాస్టిక్ షీట్ల కంపెనీలో దిగాడు. అకౌంట్లు రాశాడు, మిషన్ కూడా నడిపాడు. మామగారు బెమిస్ అనే పెద్ద ప్యాకేజింగ్ కంపెనీలో పెద్ద తలకాయ. పాకర్‌కి మొదటి కస్టమర్ కూడా బెమిసే. అత్తవారి అండ లేదని ఎవరూ అనలేరు. తర్వాత వైద్య పరికరాల ప్యాకింగ్‌కి వాడే ప్లాస్టిక్‌లోకి మళ్లారు. కంపెనీని అత్తవారు అమ్మేస్తే, 1997లో ఈయన కొనుక్కున్నాడు.

ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) మీద కోపంతో టీ పార్టీ సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే రిపబ్లికన్ల ఉద్యమం అది. గుండె లోపంతో పుట్టిన తన కూతురిని కాపాడింది అప్పటి వైద్య వ్యవస్థేనని, ప్రభుత్వం దాని జోలికి రాకూడదని ఆయన వాదన. 2010లో సొంత డబ్బు దాదాపు 90 లక్షల డాలర్లు పెట్టి, 18 ఏళ్లుగా సెనేటర్‌గా ఉన్న డెమొక్రాట్ రస్ ఫైన్‌గోల్డ్‌ని ఓడించాడు. గెలిచాక కంపెనీ నుంచి పాత బకాయి జీతం కింద కోటి డాలర్లు వచ్చాయి. దాని మీద పెద్ద గొడవే అయింది.

నాకు సంబంధించి అసలు ఘట్టం 2017 పన్నుల చట్టం. పెద్ద కార్పొరేషన్ల పన్ను 35 నుంచి 21 శాతానికి దించుతున్నారు. లాభం నేరుగా ఓనరు సొంత రిటర్నులోకి వచ్చే చిన్న వ్యాపారాల సంగతేంటని, సొంత పార్టీ బిల్లుకే అడ్డం తిరిగిన మొదటి రిపబ్లికన్ సెనేటర్ ఈయన. అలాంటి వ్యాపారాల లాభంలో సెనేట్ డ్రాఫ్టు 17.4 శాతంగా పెట్టిన పన్ను మినహాయింపు, బేరసారాల్లో 23 దాకా వెళ్లి, చివరికి 20 దగ్గర ఆగింది. మోటెల్, గ్యాస్ స్టేషన్ నడిపే మనవాళ్ల రిటర్నుల్లో ఆ మినహాయింపు కోసం ఫారం 8995 నింపుతున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. లక్ష డాలర్ల లాభం ఉంటే మామూలుగా 20 వేల దాకా ఆదాయపు పన్ను ఉండదు. అప్పటికి ఆయనకీ పాకర్‌లో వాటా ఉందనుకోండి!

జవాబు (మిల్వాకీ కోడలు):
రావుగారూ, పన్నుల ప్రేమలో మిగతాది వదిలేశారు. రెండు టర్ములే ఉంటానన్న మనిషి 2022లో మూడోసారి నిలబడ్డాడు. డెమొక్రాట్ మండేలా బార్న్స్ మీద 27 వేల ఓట్ల లోపు తేడాతో గట్టెక్కాడు. 2025లో ట్రంప్ తెచ్చిన పన్నులు, ఖర్చుల పెద్ద బిల్లు వల్ల అప్పు పెరుగుతుందని నెలల తరబడి గోలపెట్టి, చివరికి ఓటేశాడు. సెనేట్‌లో ఉపాధ్యక్షుడి ఓటుతో 51-50గా నెగ్గిన బిల్లు అది.

జవాబు (పద్దుల రావు):
కాదనను తల్లీ. నేను ఆయనకు ఓటెయ్యమనడం లేదు, పద్దు చెబుతున్నానంతే. ఆ 20 శాతం మినహాయింపును శాశ్వతం చేసింది కూడా ఆ బిల్లే.

ప్రశ్న (ఆపిల్టన్ కొత్త కాపురం):
థాంక్స్ అండీ. మావారు సొంతంగా ఐటీ కన్సల్టింగ్ పెడదామంటున్నారు. ఈ మినహాయింపు మాకూ వస్తుందా?

జవాబు (పద్దుల రావు):
డబ్ల్యూ-2 జీతానికి, అంటే ఉద్యోగంలో వచ్చే జీతానికి, రాదు. కన్సల్టింగ్‌కి ఆదాయం ఒక పరిమితి లోపు ఉంటే వస్తుంది, దాటాక తగ్గుతూ పూర్తిగా పోతుంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మడం వేరు, సలహాలివ్వడం వేరు. కంపెనీ పెట్టకముందే కాంట్రాక్టు కాగితాలు ఎవరైనా సీపీఏకి (లైసెన్సు ఉన్న అకౌంటెంటుకి) చూపించండి.