ఇంట్లో తత్వాలు రికార్డు చేయడానికి ఎలాంటి కంప్యూటరు కొనాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. చిన్నతనం నుంచి భజన గోష్ఠుల్లో పాడుతూ నేర్చుకున్న తత్వాలు ఆయనకు వందకు పైగా కంఠస్థం. వాటిలో చాలావాటిని కాగితం మీద పెట్టినవారు లేరు. మా పిల్లలు ఒడియా మాధ్యమంలో చదువుతున్నందువల్ల తెలుగులో రాసిచ్చినా చదువుకోలేరు గాని, వింటే మాత్రం ఇట్టే పట్టేస్తారు. అందుకే ఆ పాటలన్నిటినీ శ్రద్ధగా రికార్డు చేయాలని సంకల్పించాను. నాన్నగారి గొంతు, తంబురా, నా హార్మోనియం, మా బావగారి మృదంగం, తాళాలు తప్ప మరే వాద్యమూ లేదు.

రెండు మైకులు తగిలించుకుని వాటి ధ్వనిని కంప్యూటరుకు పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె, సన్నని చప్పుళ్ళను కూడా పట్టే ఒక కండెన్సర్ మైకు ఇప్పటికే కొన్నాను. చిక్కంతా కంప్యూటరుతోనే వచ్చింది. మాది 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు ఉన్న పాత ల్యాప్‌టాప్. ముందు తంబురా, హార్మోనియం రికార్డు చేసుకుని, వాటిని హెడ్‌ఫోన్‌లో వినిపిస్తూ నాన్నగారిని పాడమంటే, తన గొంతు తనకే ఆలస్యంగా వినబడి ఆయన రెండో చరణంలోనే ఆగిపోయారు. "నా వెనకాల ఇంకెవరో పాడుతున్నట్టుందిరా, తాళం నిలవడం లేదు" అన్నారు. బఫర్ (కంప్యూటరు ధ్వనిని కాసేపు నిలవ ఉంచుకునే చోటు) తగ్గిస్తే ఆలస్యం తగ్గింది గాని పాట మధ్యలో చిటపటలు మొదలయ్యాయి. ఒక దుకాణంలో అడిగితే, గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ తప్ప ఈ పనికి మరేదీ చాలదన్నారు. నా చేతిలో ఉన్నది 55,000 రూపాయలు. దయచేసి సలహా చెప్పండి.

తంతి (బరంపురం) జవాబు

మహేంద్రతనయ గారూ, ముందు ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ ఆలోచన మానుకోండి. ధ్వనిని రికార్డు చేయడంలో గ్రాఫిక్స్ కార్డుకు పనే ఉండదు. పైగా అలాంటి ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, మీ కండెన్సర్ మైకు ఆ రొదనంతా పట్టేస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. బావిలో నీళ్ళు చెంబుతో తోడితే క్షణం తీరిక ఉండదు, బిందెతో తోడితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు గాని బిందె నిండేదాకా ఆగాలి. కంప్యూటరు ధ్వనిని తోడుకునే పాత్రే బఫర్. 48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచేటప్పుడు, 512 శాంపిళ్ళ (కొలతల) బఫర్ నిండడానికి 10.7 మిల్లీసెకన్లు పడుతుంది. రానూ పోనూ కలిపి 21 దాటుతుంది కనుక, గాయకుడికి ఆ తేడా తెలిసిపోతుంది. 128 శాంపిళ్ళు పెడితే రానూ పోనూ కలిసి సుమారు 5.3 మిల్లీసెకన్లు, దాని మీద ఇంటర్‌ఫేస్ తీసుకునే కాసింత సమయం. అంత చిన్న పాత్రతో తోడే వేగం మీ పాత యంత్రానికి లేకపోవడం వల్లే చిటపటలు వచ్చాయి.

అయితే కొత్తది కొనేలోగా ఒక పని చేసి చూడండి. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే నాన్నగారి గొంతు కంప్యూటరులోకి వెళ్ళి తిరిగి రాకుండా మైకు నుంచి తిన్నగా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకుకు (విడిగా రికార్డయ్యే ఆ గొంతు వరుసకు) మానిటరింగ్, అంటే పాడుతుండగానే తిరిగి వినిపించడం, తప్పకుండా ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినబడుతుంది. బఫర్ కూడా 512 దగ్గరే ఉంచవచ్చు.

డిస్కు గురించి బెంగ వద్దు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకుకు నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది. ఐదు నిమిషాల తత్వాన్ని ఆరు ట్రాకుల్లో చేసినా 260 ఎంబీ, అలాంటివి నూరు చేసినా 26 జీబీయే. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగమైన, తిరిగే భాగాలు లేని డిస్కు), 16 జీబీ ర్యామ్ ఉంటే మీ పనికి ధారాళంగా సరిపోతాయి. మిగిలిన డబ్బు రెండో మైకు మీద పెట్టండి.

గుమ్మెట (రాయగడ) జవాబు

తంతి గారు చెప్పినవన్నీ నిజమే. నేను కరెంటు గురించి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మన వైపు రికార్డింగు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. రెండేళ్ళ క్రితం నేను చేసిన ఒక భజన మొత్తం వెనక "గుయ్" మనే సన్నని రొద పడింది. మైకు మార్చాను, తీగలు మార్చాను, పోలేదు. చివరికి ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద మణికట్టు ఆనించినప్పుడు జివ్వుమని చిన్న తిమ్మిరి తగిలింది. ఛార్జర్ పీకగానే రొద ఆగిపోయింది. మా ఇంట్లో ఆ ప్లగ్గుకు ఎర్త్ తీగ అసలు బిగించనే లేదు. దాన్ని సరిచేయించాను, అయినా ఈనాటికీ పాడేటప్పుడు బ్యాటరీ మీదే నడుపుతాను.

అందువల్ల నా ఓటు ల్యాప్‌టాప్‌కే. డెస్క్‌టాప్ అయితే కరెంటు పోగానే పాడుతున్న పాటా పోతుంది, దానికి వేరే యూపీఎస్ కొనాలి. కొనబోయే ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు మాత్రం మీ చెవులతో వినకుండా డబ్బు ఇవ్వకండి.

కొలాబ్ (జయపురం) జవాబు

ఫ్యాను గొడవే వద్దనుకుంటే, 2020లో వచ్చిన ఎం1 చిప్పున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. వాడినది మంచి స్థితిలో దొరికితే చూడవచ్చు. పాటలు రికార్డు చేసే గ్యారేజ్‌బ్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ దానిలో ఉచితం. కాని దాని ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు కనుక కొనేటప్పుడే చూసుకోవాలి.

విండోస్ వైపు వాడినది తీసుకుంటే ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ కంటే పాతది వద్దు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు అంతకు ముందు తరాల ప్రాసెసర్లు దాదాపుగా పనికిరావు. ఇంటర్‌ఫేస్ తయారుచేసినవారి ఆసియో డ్రైవరే (ధ్వనిని తక్కువ ఆలస్యంతో అందించే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు (ఒక పోర్టును పలు పోర్టులుగా చీల్చే పరికరానికి) కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకే తగిలించండి. మరొక్క మాట: అది నాన్నగారి గొంతు కనుక, పాడిన రోజే రెండో డిస్కులోకి కాపీ చేసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆ మీట నొక్కి, ఛార్జర్ తీసేసి, పాత ల్యాప్‌టాప్‌తోనే ప్రయత్నించాను. నాన్నగారు ఒక తత్వం మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా పాడారు. తిరిగి వింటే ఆయన తొడ మీద వేలితో వేసుకున్న తాళం కూడా మెత్తగా వినిపించింది, దాన్ని తీసేయదలచుకోలేదు. కాని మూడు ట్రాకులు కలిపి వినిపించేసరికి హార్డ్ డిస్కు తడబడింది, పావుగంటలో బ్యాటరీ అయిపోయింది. కనుక కొత్తది తప్పదు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చూస్తున్నాను. ఆదివారం బరంపురం వెళ్ళి, దుకాణంలోనే అరగంట నడిపించి, ఫ్యాను దగ్గర చెవి పెట్టి విన్న తర్వాతే తీసుకుంటాను.