ఊలు ఉండల కింద మంచం కనిపించడం లేదు, మృగశిర కార్తె లోపల సర్దుకోవడం ఎలా?

ప్రశ్న: పాలకొల్లు కోడలు

అందరికీ నమస్కారం. ఇంటి పని ముగించుకున్నాక ఊలుతోనూ, నూలు దారంతోనూ అల్లికలు చేస్తుంటాను. బాలింతలకు చెవులు కప్పే టోపీలు, పసిపిల్లలకు మేజోళ్లు, గుమ్మాలకు తోరణాలు, పిల్లలకు బొమ్మలు ఎక్కువగా అల్లుతాను. కొన్ని బంధువులకు ఇస్తాను, అడిగినవారికి కొన్ని అమ్ముతాను. ఈ పనికి నాకున్న చోటల్లా వీధి వైపు గదిలో కిటికీ పక్కనున్న ఒక నవారు మంచం, దాని కిందనున్న అట్టపెట్టెలు, గోడలో ఒక గూడు.

ఇప్పుడు ఆ మంచం మీద కూర్చోవడానికి కూడా చోటు లేదు. ఒక దుప్పటి కోసం అల్లిన చదరపు ముక్కలు ఒక మూల, చేతులు కుట్టని బొమ్మలు మరొక మూల, సగంలో ఆగిన తెల్ల లేసు బల్లగుడ్డ ఇంకొక మూల పడి ఉన్నాయి. ఏ సూది ఏ పనిలో ఇరుక్కుందో వెతకడంతోనే మధ్యాహ్నం గడిచిపోతోంది. మా అత్తగారు నన్ను ఏమీ అనరు గానీ, చుట్టాలు వస్తున్నారంటే మాత్రం పెద్ద దుప్పటి ఒకటి తెచ్చి ఆ మంచం మొత్తం కప్పేస్తారు.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది వానాకాలం. పెట్టెల్లోని ఊలుకు అప్పుడే ముక్క వాసన మొదలైంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు కొంటే సరిపోతుందా? మధ్యలో వదిలేసిన పనులను విప్పేయడం మంచిదా, అలాగే ఉంచడం మంచిదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: అమలాపురం అల్లికలు

డబ్బాలు కొనే ముందు మీ దగ్గరున్నది ఏ దారమో తేల్చుకోండి, ఎందుకంటే మన దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేదానిలో చాలా భాగం గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్ అనే కృత్రిమ దారం. చీటీ పోయిన ఉండ నుంచి చిన్న పోగు తీసి, పళ్లెంలో పెట్టి, పక్కన నీళ్లు ఉంచుకుని వెలిగించి చూడండి. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఉన్నికి వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిదను వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితం కాలినట్టు కాలుతుంది.

ఈ తేడా తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. బట్టల చిమ్మట పిల్లపురుగులు తినేది ఉన్నిని, పట్టును. శుభ్రంగా ఉన్న అక్రిలిక్ జోలికి అవి రావు. అక్రిలిక్ తేమను కూడా పెద్దగా పీల్చదు కనుక, మీకు వస్తున్న వాసన చాలావరకు దారానిది కాకుండా అట్టపెట్టెలదే అయి ఉండవచ్చు. అట్ట నేల చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. ముందు ఆ పెట్టెలను ఇంట్లోంచి పంపించేయండి. నూలు, ఉన్ని మాత్రం తేమ పీలుస్తాయి, వాటికే బూజు భయం.

మూత డబ్బాలు మంచివే, కానీ వాటిని నింపే రోజును బట్టి ఫలితం ఉంటుంది. ముసురు పట్టిన రోజున నింపి మూత బిగిస్తే ఆ తేమనే లోపల బంధించినట్టవుతుంది. రోహిణి కార్తె ఎండలు ఉండగానే ఖాళీ డబ్బాలను ఎండలో ఆరబెట్టి, దారాన్ని మాత్రం నీడలో గాలికి పరచి, సాయంత్రం చల్లబడక ముందే నింపి మూత పెట్టండి. దారాన్ని నేరుగా ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది. లోపల సిలికా జెల్ పొట్లాలు వేయడం మంచిదే, అయితే అవి పీల్చగలిగినంత పీల్చి ఆగిపోతాయి కనుక మధ్యమధ్యలో మార్చాలి. డబ్బాలను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా చెక్క పీట మీద పెట్టండి.

జవాబు: లేసు ఇంటి ఆడపడుచు, నరసాపురం

పై సోదరి దారం గురించి చెప్పినది సరైనదే. అయితే డబ్బాలతో మీ మంచం ఖాళీ అవుతుందని నేను అనుకోను. డబ్బాలు నిండుతాయి, కొత్త దారం మళ్లీ మంచం మీదికే వస్తుంది. మీ ఇబ్బంది దారం ఎక్కువ కావడం కన్నా, ఒకేసారి నడుస్తున్న పనులు ఎక్కువ కావడం వల్ల వచ్చింది.

మా వైపు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ లేసు పని తరతరాలుగా ఇళ్లలోనే సాగింది, 2024లో నరసాపురం క్రోషా లేసుకు, అంటే కొక్కెం సూదితో అల్లే లేసుకు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని చేసినవారికి ప్రత్యేకమైన గది ఎప్పుడూ లేదు. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లిన లేసు తీసుకుని కూలి లెక్క కట్టేవాడు. కూలి చాలా తక్కువ, ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు. మా అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుంటే ఆమె పక్కన ఒక గుడ్డసంచి, అందులో ఒక ఉండ, ఒక సూది, చేతిలో ఉన్న ఒక్క ముక్క మాత్రమే ఉండేవి. వంట ఉడుకుతుంటే పని పక్కన పెట్టడం, మళ్లీ అందుకోవడం అంతా ఆ సంచితోనే జరిగేది. ఇవాళ మనకు దారం మనమే కొనుక్కునే వెసులుబాటు వచ్చింది, దానితోపాటే ఈ గుట్టలూ వచ్చాయి.

అందువల్ల ప్రతి పనికీ ఒక గుడ్డసంచి కుట్టండి. పాత చీరల పమిటచెంగులు చాలు, మందపాటి గుడ్డ అక్కరలేదు. సంచిలో ఆ పని, దానికి కావలసిన దారం, నమూనా కాగితం, సూది కొలత రాసిన చీటీ ఉండాలి. సూది మాత్రం అందులో ఉండకూడదు. క్రోషాలో ఊడిపోగల ఉచ్చు ఎప్పుడూ ఒక్కటే కనుక సూది తీసేసి, ఆ ఉచ్చులోంచి వేరే రంగు దారం పోనిచ్చి వదులుగా ముడి వేస్తే పని ఊడదు. సూదులన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, వెతుకులాట తప్పుతుంది. మీది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. సన్న ఉక్కు సూదిని తెల్ల లేసులో నెలల తరబడి వదిలితే తుప్పు మరక పడుతుంది, దాన్ని వదిలించడం ఎంత కష్టమో లేసు ఇళ్లలో అందరికీ తెలుసు.

దుప్పటి ముక్కల విషయం వేరు. మా దగ్గర లేసు పూలు అల్లేవారు, వాటిని కలిపే అతుకు పని చేసేవారు విడిగా ఉండేవారు కనుక పూలు పోగుపడినా ఫరవాలేదు. మీకు రెండు పనులూ మీవే. ముక్కలన్నీ అల్లి చివర కలుపుదామనుకుంటే ఆ చివర రాదు. ఇకనుంచి ప్రతి ముక్క ఆఖరి వరుసలోనే పక్క ముక్కకు అతికించుకుంటూ వెళ్లండి, దారం కొసలు కూడా అప్పుడే లోపలికి దూర్చేయండి. కొసలు దూర్చడం ఎవరికీ ఇష్టం ఉండదు, నాకు అసలే ఉండదు, కానీ పనులు ఆగిపోయేది ముఖ్యంగా అక్కడే.

ఆ బల్లగుడ్డకు గంజి పెట్టి ఉంటే ఉతికి గంజి పూర్తిగా వదిలించాకే దాచండి. గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి, బూజు కూడా త్వరగా పడుతుంది. మడతలు పెట్టకుండా శుభ్రమైన నూలుగుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టి ఉంచితే మడతల దగ్గర దారం తెగదు.

జవాబు: తణుకు దారాలు

విప్పడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఆగిన పనిని చేతిలోకి తీసుకుని, ఇది పూర్తయితే ఎవరికి ఇస్తారో చెప్పుకోండి. పేరు గానీ, గుమ్మం గానీ గుర్తుకు రాకపోతే విప్పేయండి. మన డెల్టాలో స్వెట్టరు వేసుకునే చలి ధనుర్మాసంలో కొన్ని తెల్లవారుజాములకే పరిమితం, అయినా ప్రతివారి దగ్గరా సగం స్వెట్టరు ఒకటి ఉంటుంది.

విప్పిన దారం వంకులు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీడలో వేలాడదీయండి. అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టవద్దు, ఒకసారి చచ్చుబడిన దారం మళ్లీ కోలుకోదు.

మిగులు ఉండలకు వంటింటి తూకం చాలు. చీటీ మీద 100 గ్రాములకు 250 మీటర్లు అని ఉండి, మిగిలినది 40 గ్రాములు తూగితే మీ దగ్గర 100 మీటర్లు ఉన్నట్టు. ఆ లెక్క, డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే సంఖ్య) ఉన్న చీటీతో సహా ఉండకు కట్టి ఉంచితే, ఉన్న రంగునే మళ్లీ కొనే అవసరం రాదు.

పాలకొల్లు కోడలు

అందరికీ ధన్యవాదాలు. పోగు వెలిగించి చూశాను, ఒక్క బూడిద రంగు ఉండ తప్ప అన్నీ అక్రిలిక్కే. ఆ ఉన్ని ఉండలో సన్నని గూళ్ల వంటివి కనిపిస్తున్నాయి. దానిని పసిపిల్లల టోపీలున్న డబ్బాలోనే కలరా ఉండలు వేసి ఉంచవచ్చా?

అమలాపురం అల్లికలు

వద్దండి. కలరా ఉండల ఆవిరి పసిపిల్లలకు హాని చేస్తుంది, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. పిల్లల వస్తువులున్న చోట అవి అసలు ఉండకూడదు. ఆ ఉండను ఇవాళే వేరు చేసి, పాలిథిన్ సంచిలో గాలి లేకుండా బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి మామూలు వేడికి వచ్చేవరకు ముడి విప్పవద్దు, మన గాలిలోని తేమ సంచి బయటే నీటి బొట్లుగా పడుతుంది, దారం పొడిగా ఉంటుంది. ఆ తరువాత విదిలించి, మళ్లీ చుట్టుకుంటూ తెగిన చోట్లు చూసుకోండి. టోపీలను మాత్రం ఉతికి ఆరబెట్టి వేరే డబ్బాలో పెట్టండి.