నిశ్చితార్థం ఉంగరం ఎవరు సెలెక్ట్ చేయాలి?

ల్యాబ్ పిల్ల:
వచ్చే నెల విజయవాడలో నా నిశ్చితార్థం. నా ఉంగరం అబ్బాయి వాళ్లు, ఆయన ఉంగరం మా వాళ్లు తేవాలి, అందరిళ్లలో ఉండే పద్ధతే. ఇద్దరం కలిసి వెళ్లి చూద్దామా అంటే ఆయన "వద్దు, సర్‌ప్రైజ్" అంటున్నారు. ఇంతలో వాళ్లమ్మగారు తమ అలవాటు షాపులో పెద్ద కెంపు ఉంగరం చూసి పెట్టారని ఆయన చెల్లెలు నాకు చెప్పేసింది. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తాను, రోజంతా గ్లవ్స్, రాయి పైకి లేచి ఉంటే చిరిగిపోతాయి. అడిగితే అప్పుడే డిమాండ్లు మొదలెట్టింది అనుకుంటారేమోనని టెన్షన్. అమ్మేమో "ఇచ్చింది పెట్టుకో, తర్వాత మార్చుకోవచ్చు" అంటోంది. అసలు ఎవరు ఎంచుకోవాలి?

తెనాలి అక్క:
పెట్టుకునే మనిషే, ఇందులో చర్చేముంది. పెళ్లి చీరలకైతే పిల్లని షాపులో కూర్చోబెట్టి గుట్టలు గుట్టలు విప్పి చూపిస్తారు, రోజూ వేలికి ఉండేదానికి మాత్రం అడగరు! తర్వాత మార్చుకోవచ్చు అన్న మాట నమ్మకమ్మా. నిశ్చితార్థం ఉంగరం మార్చడం అపశకునం అని అప్పుడు వాళ్లే అంటారు, పైగా మారిస్తే తరుగు, మజూరీ పోయినట్టే, రాయి బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు. కాబోయే అత్తగారితో నువ్వు మాట్లాడకు. ఆయనకి గ్లవ్స్ సంగతి చెప్పు, వాళ్లమ్మకి ఆయనే చెప్పుకోవాలి. అదీ చెప్పలేకపోతే... సరే, అది వేరే చర్చ.

కొత్త పెళ్లికొడుకు:
అక్కా, మా వైపు నుంచి కూడా కొంచెం చూడండి. ముహూర్తం పంతులుగారిది, హాలు నాన్నది, మెనూ బాబాయ్‌ది, అబ్బాయి సొంతంగా చేసేది ఈ ఉంగరం ఒక్కటే. మా ఆవిడ తనకి నచ్చినవి మూడు ఫొటోలు పంపి, వాటిలో ఏది కొంటానో నాకు వదిలేసింది. ఇద్దరికీ హ్యాపీ. సరే గానీ, ఆయన ఉంగరం సంగతి ఆయన్ని ఎవరైనా అడిగారా? మా మావగారు నాకు వేంకటేశ్వరస్వామి ఉన్న బరువైన ఉంగరం పెట్టారు, భక్తి ఉంది కానీ ఆ చేత్తో చికెన్ ఎలా తినాలో తెలియక బీరువాలో దాచాను.

గోదారి గట్టు:
కెంపు సూర్యుడి రాయి కదా, జాతకం చూపించకుండా పెట్టుకోకూడదట అనెయ్యండి. పెద్దావిడ నొచ్చుకోదు, పనీ అయిపోతుంది 😄

తెనాలి అక్క:
ఆ తర్వాత జాతకం చూపించి పెట్టుకోమంటే? పెళ్లికి ముందే అబద్ధాలెందుకు, గ్లవ్స్ అన్నది నిజమైన కారణమే కదా.

కౌంటర్ మనిషి:
బంగారం షాపులో పని చేస్తాను. సర్‌ప్రైజ్ అని వచ్చేవాళ్లు చాలామంది సైజు దగ్గరే దొరికిపోతారు. సాదా ఉంగరమైతే పెంచడం, తగ్గించడం తేలిక, చుట్టూ రాళ్లున్నదానితో కష్టం. మీరు రాయి అంచు బంగారంలోకి దిగి ఉండే డిజైన్ అడగండి, బెజెల్ అన్నా ఫ్లష్ అన్నా చూపిస్తారు. 22 క్యారెట్ (916) కొంచెం మెత్తన, అందుకే వజ్రాలు ఎక్కువగా 18 క్యారెట్‌లో (750) పొదుగుతారు. బరువు 2 గ్రాములు దాటితే అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఉంగరం మీద ఉండే హాల్‌మార్క్ నంబరు) చూసుకోండి, 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదు. ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. బిల్లులో గ్రాస్ వెయిట్ (రాయితో కలిపి), నెట్ వెయిట్ (బంగారం మాత్రమే) విడివిడిగా రాయించండి, మార్చేటప్పుడు గొడవ ఉండదు.

ల్యాబ్ పిల్ల:
అందరికీ థాంక్స్. నాన్నని అడిగితే అబ్బాయి వేలి సైజు కూడా కనుక్కోలేదట! ఈ రాత్రి రెండు ఉంగరాల గురించీ ఆయనతోనే మాట్లాడతాను. కౌంటర్ అన్నా, ఆ కెంపు ఉంగరానికి అడ్వాన్స్ ఇచ్చేశారని ఇప్పుడే తెలిసింది, తిరిగి ఇస్తారా?

కౌంటర్ మనిషి:
డబ్బు తిరిగివ్వడం షాపుని బట్టి ఉంటుందమ్మా. అదే షాపులో వేరే ఉంగరానికి సర్దమంటే మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. ఫైనల్ బిల్లు వేయకముందే వెళ్లమనండి.