బంధూకమా, బందూకమా? వెర్లేన్ రివాల్వర్‌కు మాట కావాలి

వానచినుకు:
పెద్దలకు నమస్కారం. 1873 జూలై 10న బ్రస్సెల్స్‌లో ఫ్రెంచి కవి పాల్ వెర్లేన్ తోటి కవి రాంబోను కాల్చిన రివాల్వర్ మీద ఒక వచన కవిత రాస్తున్నాను. ఆ ఆయుధానికి మాట వెతుకుతుంటే శ్రీశ్రీ ‘నవకవిత’లో పాదం ఒకటి నాలుక మీద ఆడుతోంది. ‘సిందూరం, రక్తచందనం’ తరువాత వచ్చేది. మా ఇంట్లో అందరూ ‘బందూకం, సంధ్యారాగం’ అనే చదివేవారు. పుస్తకం ఊళ్లో ఉండిపోయింది. అక్కడ ఉన్నది ‘దూ’నా, ‘ధూ’నా? తుపాకి అన్న అర్థం అక్కడ చెల్లుతుందా? చెల్లితే ఆ మాటే తీసుకుంటాను.

మంకెన:
‘ధూ’యే, సందేహం అక్కరలేదు. బంధూకం అంటే మంకెన పువ్వు. ‘రక్తకస్తు బంధూకో బంధుజీవకః’ అని అమరం. రోజూ లలితా సహస్రనామం చదివే ఇళ్లలో ‘బంధూక కుసుమప్రఖ్యా’ తెలియనివారు ఉండరు. పాదమంతా ఎరుపుల వరుస. అందులో తుపాకికి చోటెక్కడిది?

నిఘంటువు పిచ్చి:
మంకెన గారూ, అర్థంతో తేల్చేస్తే చాలదు. ఛందస్సు ఇక్కడ సాయం చేయదు, దూ అయినా ధూ అయినా గురువే. చెవితో వినండి. సిందూరం, చందనం: రెండింటిలోనూ సున్న తరువాత ద. బంధూకం, సంధ్యారాగం: రెండింటిలోనూ సున్న తరువాత ధ. రెండు అల్పప్రాణాలు, వెంటనే రెండు మహాప్రాణాలు. ఒత్తు తీసేస్తే ఆ మెట్టు కూలిపోతుంది. నా మటుకు నాకు ఇదే అసలు సాక్ష్యం.

ఇనపగొట్టం:
పద్యం సంగతి మీరు చూసుకోండి. ఆయుధం సంగతి నేను చెబుతాను. వెర్లేన్ చేతిలో ఉన్నది బందూకు కానే కాదు. బందూకు భుజానికి ఆనించి పేల్చేది, ఇది కోటు జేబులో ఇమిడేది. లెఫోషో పద్ధతి రివాల్వర్, 7 మిల్లీమీటర్లు, ఆరు గుళ్లు. ఆ ఉదయమే మోంటిన్యీ అనే ఆయుధాల వ్యాపారి దుకాణంలో 23 ఫ్రాంకులకు కొన్నాడు.

దాని తూటా చూడకుండా కవిత రాయకండి. కాసిమీర్ లెఫోషో 1830లలో పారిస్‌లో చేసిన ఊహ అది. తూటా అడుగున, పక్క నుంచి పైకి పొడుచుకు వచ్చిన సన్నని ఇత్తడి చీల ఉంటుంది. దాని కొన లోపలున్న మందు బిళ్లను తాకుతూ ఉంటుంది. సుత్తి వెనక నుంచి కాక పైనుంచి దిగి చీల తల మీద కొడుతుంది. అప్పుడు బిళ్ల అంటుకుంటుంది. తూటాలు నింపే సిలిండర్ అంచున, ఒక్కో తూటా అరకు ఒక్కో గాడి. చీల ఆ గాడిలో పడితేనే తూటా లోపలికి వెళుతుంది. నింపాక చూస్తే ఆరు చీలలు చుట్టూ ముళ్లలా నిలబడి ఉంటాయి. ఖాళీ తూటాలను పక్కనున్న కడ్డీతో ఒక్కొక్కటిగా వెనక్కి నెట్టాలి. చీల మీద గట్టి దెబ్బ తగిలితే తూటా జేబులోనే పేలవచ్చు, అదే దీని పెద్ద లోపం. అయినా దీని మేలు తక్కువది కాదు. పేలినప్పుడు తూటా గోడ ఉబ్బి అరను మూసేస్తుంది, వేడి గాలి వెనక్కి తన్నదు. వెనక నుంచి నింపే పాత తుపాకులను వేధించిన జబ్బు అదే. కొడుకు యూజీన్ దీన్ని రివాల్వర్‌కు తెచ్చాడు. 1858లో ఫ్రెంచి నౌకాదళం 12 మిల్లీమీటర్ల రకాన్ని తీసుకుంది. జేబు రకాలు బెల్జియంలోని లియేజ్ నుంచి లెక్కలేనన్ని వచ్చాయి.

నిఘంటువు పిచ్చి:
చాలా బాగా చెప్పారు. బందూకు మూలం కూడా చూడాలి. అరబ్బీలో ‘బుందుఖ్’ అంటే హేజెల్ కాయ. ఆ కాయంత గుండు, ఆ గుండు వేసే సాధనం, అలా తుపాకి దాకా వచ్చింది. వెనిస్ నగరాన్ని అరబ్బీలో ‘బుందుఖియ్యా’ అంటారు, తుపాకినీ అదే మాటతో పిలుస్తారు. వెనిస్ నుంచి వచ్చిన ఆయుధం కాబట్టి ఆ పేరు అని నా నమ్మకం.

ఇనపగొట్టం:
వెనిస్ దాకా వెళ్లనవసరం లేదు మాస్టారూ. కాయ, గుండు, తుపాకి, ఈ మూడు మెట్లు చాలు.

ఎర్ర అచ్చు:
తుపాకి దగ్గర ఆగిపోయారు, రాంబోను వదిలేశారు. అ, ఇ లాంటి అచ్చుల మీద ఆయన రాసిన సానెట్, అంటే పద్నాలుగు పాదాల కవిత, గుర్తు తెచ్చుకోండి. ‘ఇ’ ఎరుపు. ఆ ఎరుపుకు ఆయన ఇచ్చిన పోలికలు: ఉమ్మిన నెత్తురు, అందమైన పెదవుల నవ్వు. ఇప్పుడు జయదేవుణ్ణి తెరవండి. ‘బంధూకద్యుతిబాంధవోఽయమధరః’. రాధ పెదవికి మంకెన కాంతి చుట్టమట. పెదవి ఎరుపు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. శ్రీశ్రీ ఎరుపుల వరుసలో మంకెన ఊరికే రాలేదు. సానెట్ నీడ ఆ పాదం మీద పడిందని నా వాదన.

మంకెన:
నీడ అనడానికి ఆధారం కావాలి. ఎరుపులు వరుసగా పేర్చడం మన ప్రబంధాలకు కొత్త కాదు, పారిస్ దాకా పోకుండానే దొరుకుతుంది. జయదేవుడి ఆ శ్లోకంలోనే బంధూకం పక్కన మధూకం నిలిచింది, ‘ధూక’ ‘ధూక’ అని. ఒత్తు ఎంత ముఖ్యమో అక్కడే వినబడుతుంది.

ఎర్ర అచ్చు:
ఆధారం లేదని ఒప్పుకుంటే నాకు మిగిలేది చెవి. ఆ చెవిని నేను నమ్ముతాను. ఇంతకీ ఆ రోజు ఎరుపు ఎంత? రెండు సార్లు పేలింది. ఒక గుండు రాంబో ఎడమ మణికట్టులో దిగింది, రెండోది తగలలేదు. పక్క గదిలో వెర్లేన్ తల్లి ఉంది. రాంబోకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆ సాయంత్రం స్టేషనుకు నడుస్తూ వెర్లేన్ మళ్లీ జేబులో చెయ్యి పెట్టేసరికి రాంబో పోలీసును పిలిచాడు. తరువాత ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా శిక్ష ఆగలేదు. రెండేళ్ల జైలు, 200 ఫ్రాంకుల జరిమానా. ఆ 23 ఫ్రాంకుల వస్తువు 2016 నవంబరులో పారిస్ వేలంలో 4,34,500 యూరోలకు పోయింది. అచ్చుల సానెట్‌ను చదవనివాళ్లు కూడా ఆ వార్త చదివారు. నాకు బాధ కలిగించేది అదే.

వానచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. ఒత్తు ఉందని నిఘంటువు పిచ్చి గారి చెవితో ఒప్పుకుంటాను. కానీ పైకి చదివేటప్పుడు తెలుగు నోట ఒత్తు నిలవదు. ‘బందూకం’ అని పలికిన క్షణంలో వినేవాడికి తుపాకి తగులుతుంది, ఆ వెంటనే ‘పులిచంపిన లేడినెత్తురు’ వస్తుంది. కవి అనుకోని ఆ తుపాకిని వదిలేయమంటారా?

మంకెన:
వదిలేయాలి. వినికిడి పొరపాటును కవి ఖాతాలో వేయకూడదు.

నిఘంటువు పిచ్చి:
వదలనక్కరలేదు. పాదంలో మంకెన ఉండనివ్వండి, మీ కవితలో తుపాకి ఉండనివ్వండి. అయితే బందూకు మాత్రం వద్దు, ఇనపగొట్టం గారు చెప్పింది నిజం. ‘పిస్తోలు’ మేలు.

ఇనపగొట్టం:
పిస్తోలు కూడా కుదరదు, సిలిండర్ తిరిగేది రివాల్వరే. అసలు ఈ ఆయుధాన్ని మిగతావాటి నుంచి వేరు చేసేది చీల. ‘చీల తుపాకి’ అనండి.

ఎర్ర అచ్చు:
చీల అనగానే నాకు శిలువ కనబడుతుంది. అదీ మంచిదే. వెర్లేన్ జైల్లోనే మతం వైపు తిరిగాడు. కాల్చిన కొద్ది వారాలకే, బ్రస్సెల్స్ జైలు గదిలో రాసిన చిన్న గీతం ఉంది. ఆకాశం కప్పు మీద, ఎంత నీలంగా, ఎంత నెమ్మదిగా ఉందో చెప్పి, చివర ‘నీ యౌవనాన్ని ఏం చేశావు?’ అని తనను తానే అడుగుతాడు. దాన్ని తెలుగు చేయాలని చూస్తుంటే మొదటి పాదంలోనే ఆగిపోతున్నాను. ‘కప్పు మీద’ అంటే ఆకాశం కప్పును ఆనుకున్నట్టుంది. ‘కప్పుకు పైన’ అంటే ఊపు పోతోంది. ఎవరైనా చెప్పండి.

మంకెన:
‘కప్పు పైని ఆకాశం’.

నిఘంటువు పిచ్చి:
‘పైని’ ఈ రోజుల్లో ఎవరు రాస్తారండీ? ‘కప్పు దాటి’ అనండి.

మంకెన:
దాటితే చలనం వస్తుంది. ఆయన ఆకాశం కదలదు.