స్లైడ్ మీద మాక్రోఫేజ్‌లు బోలెడు, ఫ్లోలో గుప్పెడే: ఎక్కడ పోతున్నాయి?

అయోర్టా_కత్తెర:
ధమని గోడలో కొవ్వు పేరుకునే జబ్బు (అథెరోస్క్లెరోసిస్) చూడ్డానికి ఏపో-ఈ జన్యువు తీసేసిన ఎలుకలు, 12 వారాలు కొవ్వు మేత (21 శాతం కొవ్వు, 0.15 శాతం కొలెస్ట్రాల్). అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) మొదలు దగ్గర సెక్షన్లలో మ్యాక్-2 (చెత్త మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లకు వాడే గుర్తు) నిండుగా కనిపిస్తోంది. అవే ఎలుకల మిగతా అయోర్టా ఎంజైమ్‌లతో కరిగించి ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి లెక్కపెట్టే పద్ధతి) చూస్తే సీడీ45 (తెల్ల రక్తకణాల గుర్తు) కణాల్లో ఎఫ్4/80 (మాక్రోఫేజ్ గుర్తు) ఉన్నవి అతి తక్కువ. మూడు సంగతులు చెప్పండి: ఎంజైమ్ పాళ్ళు ఎంత? టి కణాలకు (ఇంకో రకం తెల్ల రక్తకణాలు) వేరే జాగ్రత్తలున్నాయా? ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను ఆపే మందుల్లో మనుషుల మీద పనిచేసినవి ఏవి?

సీడీ45_సైన్యం:
అయోర్టా ఎలా శుభ్రం చేస్తున్నారో రాయనే లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఎడమ జఠరికలో సూది గుచ్చి, కుడి కర్ణికకు గాటు పెట్టి, మి.లీ.కి 20 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వనిది) కలిపిన పీబీఎస్‌ను (ఉప్పు బఫర్‌ను) కాలేయం పాలిపోయేదాకా పంపాలి. తర్వాత మైక్రోస్కోప్ కింద చుట్టూ ఉన్న కొవ్వు, పక్కనే అంటుకున్న లింఫ్ గ్రంథులు తీసేయాలి. ఒక్క గ్రంథి మిగిలినా బి, టి కణాలు వెల్లువలా వచ్చి పడతాయి, మాక్రోఫేజ్ శాతం పాతాళానికి పోతుంది. అందుకే శాతాలు పక్కన పెట్టి, కౌంటింగ్ బీడ్స్ (ఎన్నో ముందే తెలిసిన పూసలు) వేసి అయోర్టాకు ఎన్ని కణాలో చెప్పండి.

పాళ్ళు (మి.లీ.కి యూనిట్లలో): కొలాజినేజ్-1 450, కొలాజినేజ్-11 125, హయాలురొనిడేజ్ 60, డీఎన్ఏజ్ 60. 37 డిగ్రీల దగ్గర గంటసేపు, కాల్షియం ఉన్న బఫర్‌లో. ఈడీటీఏ చివర్లో ఆపడానికి మాత్రమే. ముందే పోస్తే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కొలాజినేజ్ పడుకుంటుంది. ఎఫ్4/80 ఒక్కదాన్నే నమ్ముకోకండి, సీడీ64 (ఇంకో మాక్రోఫేజ్ గుర్తు) కూడా చేర్చండి.

నురుగు_కణం:
పాళ్ళు సరే, కొంప ముంచేది గేటింగ్ (తెర మీది చుక్కల్లో ఏవి లెక్కలోకి తీసుకోవాలో గీత గీయడం). కొవ్వు నిండిన కణాలు పెద్దవి, సైడ్ స్కాటర్‌లో (కణం లోపలి గరుకుదనం చూపే కొలత) బాగా పైకి పోతాయి. లింఫోసైట్లకు గీసిన గేటే వీటికీ గీస్తే బయటే ఉండిపోతాయి. పైగా సొంతంగా మెరుస్తాయి కాబట్టి డెడ్ డై (చచ్చిన కణాలకు పట్టే రంగు) పట్టినట్టు కనిపించి, బతికున్నవి కూడా చచ్చినవాటి ఖాతాలోకి పోతాయి. ఆ డైని ఎరుపుకు అవతలి ఛానెల్‌కి మార్చండి. రంగు వేయని కంట్రోల్‌గా అయోర్టా కణాలనే పెట్టండి, ప్లీహం కణాలకు ఆ మెరుపు ఉండదు. పెర్కాల్ (సాంద్రతను బట్టి కణాలను విడదీసే ద్రవం) వాడితే అసలే కష్టం: కొవ్వు కణాలు తేలి, మనం పారబోసే పై పొరలోనే పోతాయి.

స్లైడ్_శాస్త్రి:
ఫ్లో వాళ్ళ గోల ఎప్పుడూ ఇంతే. మ్యాక్-2 కనిపిస్తే మాక్రోఫేజేనని ఎవరు చెప్పారు? అది గెలెక్టిన్-3. ధమని గోడలోని నునుపు కండర కణాలు కొలెస్ట్రాల్ మింగాక సంకోచ ప్రోటీన్లు వదిలేసి దాన్నే తొడుక్కుంటాయి. మైహెచ్11తో (కండర కణాల జన్యువు) వంశం గుర్తు పెట్టిన ఎలుకల్లో 2015లోనే ఈ సంగతి తేలింది. వాటికి సీడీ45 ఉండదు, ఇక మీ గేట్‌లోకి ఎలా వస్తాయి? స్లైడ్ చదవడం వచ్చినవాళ్ళకి ఇది ప్రశ్నే కాదు.

సీడీ45_సైన్యం:
శాస్త్రిగారూ, ఆయన ఎలుకల్లో వంశపు గుర్తే లేదు. గుర్తు లేకుండా ఏది కండర కణమో స్లైడ్ చూసి చెప్పడాన్ని జోస్యం అంటారు. ఇంకొకటి, సెక్షన్ అయోర్టా మొదలుది, కరిగించింది మిగతా అయోర్టా. ప్లాక్ (ధమని గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ) ముందు కమ్మేసేది మొదలునే. రెండు చోట్ల లెక్కలు కలవాలని ఎందుకు ఆశిస్తున్నారు?

స్లైడ్_శాస్త్రి:
జోస్యం కాదు. మ్యాక్-2, సీడీ45, ఆల్ఫా ఆక్టిన్ (కండర కణాల సంకోచ ప్రోటీన్) మూడూ ఒకే సెక్షన్ మీద వేయండి. మ్యాక్-2 ఉండి సీడీ45 లేనివి ఎన్నో లెక్కపెట్టండి. ఆక్టిన్ లేదు కాబట్టి కండర కణం కాదనే వాదన మాత్రం తేకండి, అది వదిలేశాకే మ్యాక్-2 తొడుక్కుంది.

సీడీ45_సైన్యం:
సీడీ45 లేనిదల్లా కండర కణమేనా? ఎండోథీలియం ఏమైంది, ఫైబ్రోబ్లాస్ట్ ఏమైంది? గొంతు పెంచితే రుజువైపోదు.

నురుగు_కణం:
మీ తగువులో అసలు విషయం మరుగున పడుతోంది. నురుగు కణమే (కొవ్వు నిండిన మాక్రోఫేజే) మంట (ఇన్‌ఫ్లమేషన్) పెడుతుందని అందరూ రాస్తారు. 2018లో ఎలుక ప్లాక్‌లో కణం కణం విడదీసి ఆర్ఎన్ఏ చదివితే ఐఎల్-1 బీటా (మంట రాజేసే సంకేత ప్రోటీన్) ఎక్కువగా ఉన్నది కొవ్వు పట్టని మాక్రోఫేజ్‌లలో. కొవ్వు పట్టినవాటిలో ట్రెమ్2, కొలెస్ట్రాల్ సర్దుకునే జన్యువులు ఎక్కువ. కాబట్టి బోడిపీ 493/503 (కొవ్వుకు పట్టే రంగు) పట్టిన కణాలు ఏరాక ఐఎల్-1 బీటా రాకపోతే ప్రయోగం చెడిందనుకోకండి. ఫాస్, జన్ (కణానికి ఒత్తిడి తగిలితే లేచే జన్యువులు) మాత్రం విపరీతంగా వస్తే 37 డిగ్రీల గంటను అనుమానించండి, అవి కరిగించేటప్పుడు పుట్టుకొచ్చినవి కావచ్చు.

ట్రయల్_పిచ్చి:
ఎలుకలు చాలు, మనుషుల దగ్గరికి రండి. కాంటోస్ ట్రయల్, 2017: గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ కొలత) 2 మి.గ్రా./లీ. లేదా ఆ పైన ఉన్న 10,061 మంది. కానకినుమాబ్ (ఐఎల్-1 బీటాను అడ్డుకునే యాంటీబాడీ) 150 మి.గ్రా. మూడు నెలలకోసారి ఇస్తే ఎల్‌డీఎల్ కదలకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లూ పెరిగాయి. మెథోట్రెక్సేట్ వారానికి 15 నుంచి 20 మి.గ్రా. ఇచ్చిన సర్ట్ ట్రయల్‌లో లాభం సున్నా, అందులో ఐఎల్-1 బీటా, ఐఎల్-6 (ఇంకో మంట సంకేతం) తగ్గనే లేదు. ఈ సంకేతాల గొలుసు ఎక్కడ తెంపాలో తెలియాలి. కొల్చిసిన్ రోజుకు 0.5 మి.గ్రా. కోల్‌కాట్, లోడోకో2 ట్రయల్స్ రెండింట్లోనూ నెగ్గింది.

సీడీ45_సైన్యం:
క్లియర్ సినర్జీ ట్రయల్‌లో కొల్చిసిన్ ఓడిపోయిందే, అది చెప్పరేం?

ట్రయల్_పిచ్చి:
అక్కడ గుండెపోటుకు స్టెంట్ వేసిన వెంటనే మొదలుపెట్టారు. లోడోకో2 రోగులు నిలకడగా ఉన్నవాళ్ళు. రెండూ ఒకే గాటన కట్టకండి. కిడ్నీ బాగా చెడినా, క్లారిత్రోమైసిన్ (ఒక యాంటీబయాటిక్) వాడుతున్నా కొల్చిసిన్ విషమవుతుంది, దాని గురించి అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు.

అయోర్టా_కత్తెర:
టి కణాల ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నురుగు_కణం:
ప్లీహం కణాలను సగం మీ ఎంజైమ్ మిశ్రమంలో గంటసేపు, సగం ఉత్త బఫర్‌లో ఉంచి, మీ ప్యానెల్ అంతా రెండింటికీ వేయండి. ఎంజైమ్ వైపు ఏ మార్కర్ వెలుగు పడిపోతే (ఎంజైమ్ దాన్ని కోసేసిందన్నమాట) దాని యాంటీబాడీకి వేరే క్లోన్ (అదే మార్కర్‌కు అంటుకునే వేరే రకం) వెతకండి. చంపడానికి మూడు నిమిషాల ముందు సీడీ45 యాంటీబాడీని తోక సిరలో ఎక్కించి, కరిగించాక వేరే రంగు సీడీ45 వేయండి. రెండూ పట్టినవి రక్తంలోవి, వాటిని ప్లాక్ టి కణాల్లో కలపకూడదు.