రూట్ కెనాల్ సగంలో ఆగిపోయింది, నొప్పి లేదు. పూర్తి చేయించాలా?

నాగావళి గట్టు (రాయగడ) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. అమ్మకి 54 ఏళ్లు, షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. కింది కుడి దవడ పన్నుకి (మధ్య నుంచి ఆరోది) సంక్రాంతి ముందు విజయనగరంలో రూట్ కెనాల్ మొదలుపెట్టారు. ఒక సిట్టింగ్ అయింది. నరం తీసి, లోపల మందు పెట్టి, పైన తెల్ల సిమెంట్ వేసి వారంలో రమ్మన్నారు. పండగ, ఆ వెనకే ఇంట్లో పెళ్లి, వెళ్లడం పడలేదు. ఉగాది కూడా దాటింది. సిమెంట్ సగం ఊడిపోయింది, నొప్పి మాత్రం లేదు, చల్లనీళ్లు తాగినా జివ్వుమనట్లేదు. "నొప్పే లేనప్పుడు మళ్లీ ఖర్చెందుకు, కాస్త గుడాకు (పొగాకు పేస్టు) రుద్దుకుంటే సరి" అంటోంది. వదిలేస్తే ఏమవుతుంది? విజయనగరమే వెళ్లాలా, ఇక్కడే ఇంకో డాక్టరు దగ్గర మిగతాది చేయించొచ్చా?

పళ్ల డాక్టరు, పర్లాకిమిడి:

నొప్పి తెలియాల్సిన నరాన్నే తీసేశారు, ఇక చల్లనీళ్లు ఎలా తెలుస్తాయండీ? మొదటి సిట్టింగ్ తర్వాత వచ్చే ఈ హాయి వల్లే చాలామంది మానేస్తారు. పన్ను లోపల జరిగేది వేరు.

ఆ తెల్ల సిమెంట్ రెండు మూడు వారాల కోసం వేసేది. కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉంటేనే ఉమ్మిని ఆపుతుంది. సగం ఊడిందంటే ఉమ్మి, అన్నం మెతుకులు, సూక్ష్మజీవులు నేరుగా పంటి వేర్ల లోపలి కాలువల్లోకి దిగుతున్నట్టే. లోపల పెట్టింది మామూలుగా కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంటే బాగా ఘాటైన క్షారం, కాబట్టి క్రిములు చస్తాయి, కానీ ఉమ్మి తగిలేకొద్దీ పలచబడి బలం పోతుంది. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా అయితే ఆ మందుని కూడా చాలావరకు తట్టుకుంటుంది. పైగా ఈ పేస్టు నెలల తరబడి ఉండిపోతే పన్ను లోపలి గోడలు పెళుసుబారే అవకాశం ఉంది.

కాలువ లోపల ఇప్పుడు రక్తప్రసరణ లేదు. మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగితే అది అక్కడికి చేరదు. వాపు నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. క్రిములు వేరు చివర నుంచి ఎముకలోకి పాకితే ఎక్స్‌రేలో అక్కడ నల్లటి మచ్చలా కనపడుతుంది. నొప్పి లేకుండానే ఇది పెరగొచ్చు. ఒకరోజు చిగురు మీద చిన్న పొక్కు లేచి, చీము కారి, మళ్లీ మూసుకుంటుంది. పొక్కు పోయిందని జబ్బు పోయినట్టు కాదు. షుగర్ అదుపులో లేకపోతే ఇదంతా ఇంకా తొందరగా ముదురుతుంది.

మిగిలిన పని: పాత సిమెంట్, పేస్టు తీసి కాలువలు మళ్లీ శుభ్రం చేస్తారు. క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 3 నుంచి 5 శాతం, ఆఖర్న గోడల మీది పొరని తీసే ఈడీటీఏ ద్రావణం 17 శాతంతో కడుగుతారు. పేపర్ పాయింట్లతో (సన్నని కాగితపు పుల్లలు) ఆరబెట్టి, చీము, తడి ఏమీ లేకపోతే గట్టాపెర్చా (రబ్బరు లాంటి పదార్థం), సీలర్‌తో (సందులు మూసే జిగురు) వేరు చివరికి అర నుంచి రెండు మిల్లీమీటర్ల ఇవతల వరకు నింపుతారు. ఇన్ని వారాలు తెరిచి ఉన్న పన్నుని కడగకుండా "ఈ రోజే నింపేయండి" అని తొందరపెట్టకండి. ఇంకోసారి మందు పెట్టి పదిరోజులాగమంటే ఆగండి. పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి చేసేవాళ్లైతే మరీ మంచిది, ఉమ్మి లోపలికి పోదు.

గుడాకు పొగాకు. చిగుళ్లని పాడుచేయడం తప్ప పన్ను లోపలికి దాని ఉపకారం ఏమీ లేదు.

బొబ్బిలి బాబాయ్:

ఇంత తతంగం దేనికి, పీకించేస్తే పోలా?

పళ్ల డాక్టరు, పర్లాకిమిడి:

పన్ను నిలువునా చీలి ఉంటే, లేదా చిగురు పైన గోడలే మిగలకపోతే, నేనూ పీకించమనే అంటాను బాబాయ్. లేకపోతే తొందరపడొద్దు. కింది ఆరో పన్ను నమలడానికి ముఖ్యమైనది. అది పోతే వెనక పన్ను ముందుకి వాలుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను) కట్టించాలంటే పక్కన ఉన్న రెండు మంచి పళ్లు అరగదీయాలి. ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పన్ను) అంటే ఖర్చు ఇంకా ఎక్కువ.

క్లినిక్ అసిస్టెంట్, గుణుపురం:

రాయగడలోనే చేయించుకోవచ్చు. కాకపోతే విజయనగరం క్లినిక్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. ఒకటి, ఎక్స్‌రే. ఇప్పుడవి ఎక్కువగా కంప్యూటర్‌లోనే ఉంటాయి, వాట్సాప్‌లో పంపించమనొచ్చు. రెండు, కేస్ షీట్ ఫోటో. దాంట్లో 46 అని ఉంటుంది: కింది వరస, కుడివైపు, మధ్య నుంచి ఆరో పన్ను. పక్కన ఎంబీ, ఎంఎల్, డి అని (కాలువల పొట్టిపేర్లు) రాసి 19.5, 20 లాంటి అంకెలు ఉంటే అవి ఒక్కో కాలువ పొడవు, మిల్లీమీటర్లలో. ఈ పంటికి మామూలుగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. కొత్త డాక్టరు ఎలాగూ మళ్లీ కొలుస్తారు కానీ ఎన్ని కాలువలు దొరికాయో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. మూడు, లోపల ఫైలు (కాలువలు గీకే సన్నని సూదిలాంటి పనిముట్టు) ముక్క ఏమైనా విరిగిందా అని మొహమాటం లేకుండా అడగండి. విరగడం అరుదేమీ కాదు, దాచడమే సమస్య.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆ వైపు నమలనివ్వొద్దు. మురీలు, చేగోడీలు, వేరుశనగ ఉండలు అసలొద్దు. గోడలు పలచబడ్డ పన్ను ఒక్క గట్టి పలుకుకే చీలుతుంది. ఆ కన్నంలో దూది, లవంగం కుక్కొద్దు. తిన్నాక గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలిస్తే చాలు.

నింపాక క్యాప్ (పన్ను మీద తొడిగే కవచం) మర్చిపోవద్దు, సగంలో మానేసేవాళ్లలో రెండో రకం అక్కడే ఆగిపోతారు. దవడ పన్నుకి కొన్ని వారాల్లోపు క్యాప్ పడాలి. వేసినరోజు రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. పళ్లు కలిపినప్పుడు క్యాపే ముందు తగులుతున్నట్టుంటే అప్పుడే చెప్పాలి.

నాగావళి గట్టు (రాయగడ):

ఎక్స్‌రే అడిగాను, పంపిస్తామన్నారు. అమ్మ గుండెకని ఈకోస్ప్రిన్ 75 (రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్ర) వేసుకుంటుంది. ఆపాలా? షుగర్ మాత్ర?

పళ్ల డాక్టరు, పర్లాకిమిడి:

రూట్ కెనాల్‌కి ఈకోస్ప్రిన్ ఆపక్కర్లేదు, మీ అంతట మీరు అసలు ఆపొద్దు. వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పండి. టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేళకి వేసుకుని పొద్దున్న పూటే వెళ్లండి. ఈ మధ్య చేయించిన షుగర్ రిపోర్టు చేతిలో ఉంచుకోండి. ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చోబెట్టొద్దు, తిమ్మిరి ఇంజెక్షన్ తర్వాత కాసేపు తినడం కుదరదు.

ఈలోగా గడ్డం కింద వాపు, జ్వరం, మింగలేకపోవడం, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరవలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా పళ్ల క్లినిక్ తెరిచేదాకా ఆగొద్దు. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.